గేరు పడకపోతే గుమ్మడికాయ కొట్టాలా, కేబుల్ చూడాలా?

హేతువాదం అంటే దేవుడు ఉన్నాడా లేడా అనే వాదన ఒక్కటే అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. నా దృష్టిలో ఆ వాదన హేతువాదంలో చిన్న భాగం. ఒక వస్తువు పని చెయ్యడం మానేసినప్పుడు "ఎందుకు మానేసింది?" అని అడగడం, ఆ ప్రశ్నకి పరీక్షకు నిలిచే జవాబు దొరికేదాకా జేబులోంచి డబ్బు తియ్యకపోవడం, దొరికిన జవాబు మనకి ఇష్టమైనా కాకపోయినా ఒప్పుకోవడం – ఇవి అలవాటైన మనిషే నా లెక్కలో హేతువాది. అతను గుడికి వెళ్తాడా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఈ అలవాటు సభల్లో ఉపన్యాసాలు వింటే వస్తుందా? నాకు నమ్మకం లేదు. చేతికి మసి అంటే పనిలో తొందరగా వస్తుందని నా అభిప్రాయం. అందుకు నేను తీసుకుంటున్న ఉదాహరణ కొందరికి నవ్వు తెప్పించవచ్చు: పాత కారు గేరు కేబుల్‌ని ఇంటి దగ్గరే మార్చుకోవడం. నవ్విన తర్వాత చివరిదాకా చదవండి. ఇందులో 24 వేల రూపాయల అప్పు ఉంది, ఒక గుమ్మడికాయ ఉంది, మన రాజ్యాంగం కూడా ఉంది.

అసలు ఈ కేబుల్ ఏం చేస్తుంది?

నలభై దాటిన పాఠకుల్లో చాలామంది పెట్రోల్ బజాజ్ చేతక్ నడిపి ఉంటారు. ఎడమ చేతి పిడి తిప్పితే గేరు మారేది. ఆ పిడి నుంచి ఇంజను దాకా రెండు గేరు కేబుళ్ళు వెళ్ళేవి. ఒకటి ఒకవైపు లాగితే రెండోది ఇంకోవైపు లాగేది. సన్నని తీగతో లాగగలం గానీ నెట్టలేం, అందుకే రెండు కావలసి వచ్చాయి. గొట్టంలాంటి పైతొడుగు కదలకుండా ఉంటే లోపలి ఉక్కు తీగ మాత్రం జారుతూ ఒక చివరి కదలికని రెండో చివరికి చేరవెయ్యడం – ఇదీ దీని సూత్రం. ఎర్నెస్ట్ బౌడెన్ 1896లో పేటెంటు తీసుకున్నాడు కాబట్టి ఇప్పటికీ దీన్ని బౌడెన్ కేబుల్ అంటారు. మీ సైకిలు బ్రేకులోనూ ఇదే ఉంటుంది.

కారు దగ్గరికి వద్దాం. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఇంజనూ గేర్ బాక్సూ రెండూ బోనెట్ కింద అడ్డంగా కూర్చుంటాయి. గేరు రాడ్డేమో రెండు సీట్ల మధ్య ఉంటుంది. ఈ రెండిటినీ కలపడానికి మారుతి 800లో ఇనప రాడ్లు వాడారు. శాంత్రో, ఇండికా లాంటి వాటిలో రెండు కేబుళ్ళు వాడారు. కారు కేబుల్ లోపలి తీగ చేతక్ తీగ కన్నా మందంగా, బిరుసుగా ఉంటుంది. అందువల్ల అది లాగనూ గలదు, నెట్టనూ గలదు.

రెండు కేబుళ్ళు ఎందుకంటే గేరు రాడ్డుకి రెండు రకాల కదలికలు ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి కదిపితే ఏ వరుస కావాలో ఎంచుకుంటున్నాం: 1-2 వరుసా, 3-4 వరుసా, లేక 5-రివర్సు వరుసా అని. ఈ కదలికని మోసేది సెలెక్ట్ కేబుల్. ముందుకో వెనక్కో కదిపితే ఆ వరుసలో ఉన్న గేరు పడుతుంది. దీన్ని మోసేది షిఫ్ట్ కేబుల్. న్యూట్రల్‌లో చెయ్యి వదిలేస్తే స్ప్రింగు రాడ్డుని మధ్య వరుసకి, అంటే 3-4 వరుసకి తెచ్చి నిలబెడుతుంది. ఈ సంగతి ఒక్కటి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఈ కేబుళ్ళు చెడడానికి అతీత శక్తులు అక్కర్లేదు. చివర్లలో ఉండే రబ్బరు తొడుగు ఎండకీ ఇంజను వేడికీ పగులుతుంది. ఆ పగులులోంచి వాననీళ్ళూ దుమ్మూ లోపలికి పోతాయి. ఉక్కు తీగ తుప్పు పట్టి ఉబ్బుతుంది. పైతొడుగు లోపలున్న ప్లాస్టిక్ పొర అరుగుతుంది. దారి మొత్తం బిగుసుకుపోతుంది. లేదా కేబుల్ చివర కన్నంలో ఉండే బుష్ అరిగి వదులైపోతుంది, అప్పుడు రాడ్డు కదులుతుంది గానీ ఆ కదలిక గేర్ బాక్సుకి చేరదు.

బుష్షే కదా అని తీసిపారెయ్యకండి. 2022 జూన్‌లో ఫోర్డ్ కంపెనీ సుమారు 29 లక్షల వాహనాలని వెనక్కి పిలిచింది. కారణం ఆటోమేటిక్ గేర్ బాక్సుకి కేబుల్‌ని తగిలించే ఒక బుష్. అది పాడైపోయినా ఊడిపోయినా, డ్రైవరు లివరుని పార్కింగ్‌లో పెట్టి దిగిపోయాడనుకోండి, గేర్ బాక్సు మాత్రం పార్కింగ్‌లోకి వెళ్ళి ఉండకపోవచ్చు. అప్పుడు బండి దానంతటదే దొర్లిపోయే ప్రమాదం ఉంది. లివరు ఒకటి చెప్తుంది, యంత్రం ఇంకో స్థితిలో ఉంటుంది. చూపించే గుర్తుకీ ఉన్న నిజానికీ మధ్య లింకు తెగిపోతే ఏమవుతుందో హేతువాదులకి వేరే చెప్పనక్కర్లేదు.

కర్రీ పాయింట్ వారి కారు

ఇప్పుడు నాకు తెలిసిన ఒక కేసు. మా కాలనీలో ఒక యువ దంపతులు కర్రీ పాయింట్ నడుపుతున్నారు. తెల్లవారుజామున రైతు బజారు నుంచి కూరగాయలు తేవాలన్నా, సాయంత్రం రెండు హాస్టళ్ళకి గిన్నెలు చేర్చాలన్నా వాళ్ళకున్నది ఒకటే ఆధారం: సెకండ్ హ్యాండులో కొన్న 18 ఏళ్ళ చిన్న కారు. ఒకరోజు ఆ కారు ఫస్టు గేరు పడనని మొరాయించింది. సెకండూ అంతే. రివర్సు అసలే లేదు. మూడు, నాలుగు మాత్రం హాయిగా పడుతున్నాయి. ఆ కుర్రాడు మూడో గేరులోనే క్లచ్ మీద ఎలాగో బండిని లాగించుకుంటూ రెండు రోజులు తిప్పాడు. అలా తిప్పితే క్లచ్ ప్లేటు కాలుతుందని వేరే చెప్పాలా?

ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాడు. అక్కడి మెకానిక్ వంద గజాలు నడిపి "గేర్ బాక్సు పోయింది, దించాలి, 24 వేలు అవుతుంది" అన్నాడట. ఇంట్లో తల్లి ఇంకో నిర్ధారణ చేసింది. కొత్తగా హాస్టలు ఆర్డర్లు వచ్చాయి కాబట్టి ఎవరిదో దిష్టి తగిలిందని ఆమె నమ్మకం. మంగళవారం నాడు గుమ్మడికాయ కొట్టించి, బంపరుకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టించింది. కుర్రాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. "బాబాయ్, ఎక్కడన్నా ఇరవై నాలుగు వేలు సర్దిస్తారా?" అన్నాడు. "డబ్బు సంగతి తర్వాత. ముందు బండికి ఏమొచ్చిందో చూద్దాం పద" అన్నాను.

24 వేలకి నూటికి మూడు రూపాయలంటే నెలకి 720 రూపాయలు, అసలు కదలకుండా. రోజుకి నాలుగైదు వందలు మిగిల్చుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. పరీక్ష లేని నిర్ధారణ ఖరీదు ఎంతో ఈ లెక్కే చెబుతుంది.

నేను మెకానిక్‌ని కాను. రిటైరైన గుమాస్తాని. చేతక్ రోజుల నుంచి నాలుగు పానాలూ ఒక కటింగ్ ప్లయరూ దగ్గరుంచుకున్నవాణ్ణి, అంతే. కాబట్టి ఇందులో ప్రతిభ ఏమీ లేదు, ఎవరైనా చెయ్యగలిగినదే అని గమనించండి.

నాలుగు అనుమానాలు, నాలుగు పరీక్షలు

ముందు ఒక కాగితం మీద అనుమానాలు రాశాం. గేరు పడకపోవడానికి మామూలుగా నాలుగు కారణాలు ఉండొచ్చు. ఒకటి, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రెండు, గేరు ఆయిలు తగ్గింది. మూడు, రాడ్డుకీ గేర్ బాక్సుకీ మధ్య ఉన్న కేబుళ్ళు. నాలుగు, గేర్ బాక్సు లోపలే ఏదో విరిగింది. ఐదోది దిష్టి అని కుర్రాడు నవ్వుతూ అన్నాడు. "రాయి, కానీ దాన్ని ఎలా పరీక్షించాలో కూడా పక్కన రాయి" అన్నాను. ఆ గడి ఖాళీగానే మిగిలిపోయింది.

మొదటి పరీక్ష: ఇంజను ఆపేసి, క్లచ్ తొక్కి గేర్లు వేసి చూడటం. ఇంజను ఆగి ఉన్నప్పుడు తేలిగ్గా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే తప్పు ఎక్కువగా క్లచ్ వైపు ఉంటుంది. ఇక్కడ రెండు సందర్భాల్లోనూ అదే బాధ. ఒక జాగ్రత్త చెప్పాలి. నిలిచి ఉన్న బండిలో లోపలి పళ్ళు ఎదురెదురుగా వస్తే బాగున్న గేరు కూడా ఒక్కోసారి పడదు. బండిని కాస్త ముందుకీ వెనక్కీ తోసి మళ్ళీ చూడాలి. మేము పదిసార్లు చూశాం. పదిసార్లూ మూడు, నాలుగు పడ్డాయి. ఒకటి, రెండు ఒక్కసారి కూడా పడలేదు. దాంతో క్లచ్ మీద అనుమానం బాగా తగ్గింది.

రెండో పరీక్ష: ఆయిలు. బండిని చదును నేల మీద పెట్టి లెవెల్ బోల్టు విప్పి చూశాం. ఉండాల్సినంత ఉంది.

మూడోది పరీక్ష కూడా కాదు, ఆలోచన. పడని గేర్లు ఏవి? ఒకటి, రెండు, రివర్సు. గేర్ బాక్సు లోపల ఒక్కో గేరుకీ వేరే పళ్ళ చక్రం ఉంటుంది. మూడు వేర్వేరు గేర్లు ఒకే రోజున విడివిడిగా విరిగిపోయాయని అనుకోవడం కన్నా, ఆ మూడిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటని వెతకడం తెలివైన పని. ఆ మూడూ పక్క వరుసల్లో ఉన్నవి. పడుతున్న రెండూ మధ్య వరుసలోవి, అంటే స్ప్రింగు రాడ్డుని దానంతటదే తెచ్చి నిలబెట్టే చోటువి. బండికి ముందు-వెనక కదలిక బాగానే ఉంది, ఎడమ-కుడి కదలికే పోయింది! ఆ కదలికని మోసేది సెలెక్ట్ కేబుల్. బోనెట్ ఎత్తకముందే కాగితం మీద రాసి పెట్టాం: "సెలెక్ట్ కేబుల్ బిగుసుకుని ఉంటుంది. అది విప్పితే గేర్ బాక్సు మీది లివరు చేత్తో సులువుగా కదులుతుంది. కదలకపోతే మెకానిక్ చెప్పిందే నిజం కావచ్చు."

ఈ చివరి వాక్యం రాయకపోతే మనం చేసేది పరీక్ష కాదు, మన ముచ్చట తీర్చుకోవడం. ఏ ఫలితం వస్తే నా మాట తప్పవుతుందో ముందే చెప్పగలగాలి. జ్యోతిష్కుణ్ణీ, మహిమలు చూపే బాబానీ మనం అడిగే ప్రశ్న ఇదే కదా. మనల్ని మనం కూడా అడుక్కోవాలి.

నాలుగో పరీక్ష: బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, గేర్ బాక్సు పైన అడ్డంగా ఉన్న బ్యాటరీనీ ఎయిర్ ఫిల్టరు డబ్బానీ పక్కన పెట్టాం. కింద రెండు కేబుళ్ళ చివర్లూ కనిపించాయి. సెలెక్ట్ కేబుల్ చివర పిన్ను తీసి కన్నాన్ని లివరు నుంచి ఊడదీశాం. లివరుని వేలితో నెడితే రెండు వైపులా చక్కగా కదిలి స్ప్రింగుతో వెనక్కి వచ్చింది. దాన్ని 1-2 వైపుకి నెట్టి పట్టుకుని, లోపల కూర్చున్న కుర్రాడిని రాడ్డు ముందుకి నెట్టమన్నాను. టక్కుమని ఫస్టు గేరు పడింది. క్లచ్ వదిలి బండిని తోస్తే కదల్లేదు. రెండో వైపుకి నెడితే రివర్సు కూడా పడింది. ఇక విడిగా వేలాడుతున్న కేబుల్‌ని లాగి చూస్తే రాయిలా ఉంది. రబ్బరు తొడుగు చీలిపోయి, లోపలి తీగ ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

24 వేల గేర్ బాక్సు అనుమానం తీరడానికి పట్టింది నలభై నిమిషాలు. ఖర్చు సున్నా.

మార్చే పని

దీని గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే కారు కారుకీ బిగింపులు మారతాయి. కొన్ని సూత్రాలు మాత్రం అన్నిటికీ వర్తిస్తాయి.

చదును నేల, హ్యాండ్ బ్రేకు, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు. కారు కిందకి దూరాల్సి వస్తే ఒక్క జాకీని నమ్మి దూరకండి, స్టాండ్లు పెట్టండి. విప్పే ప్రతి దశనీ ఫోనుతో ఫోటో తియ్యండి. జ్ఞాపకం అనేది నమ్మదగిన సాక్షి కాదు. ఊడదీసిన పిన్నులు, వాషర్లు, క్లిప్పులు ఒక గిన్నెలో వేసుకోండి.

పాత కేబుల్ విప్పి లాగేసే ముందు దాని చివరకి గట్టి పురికొస కట్టండి. పాతది బయటికి వస్తుంటే తాడు ఆ దారిలో నిలుస్తుంది. ఆ తాడుకి కొత్తది కట్టి లాగితే అదే దారిలో వెళ్తుంది. కేబుల్ ఎక్కడా మడత పడకూడదు, సైలెన్సరు గొట్టానికి దగ్గరగా పోకూడదు. పాతది అంత త్వరగా చెడడానికి ఈ రెండిట్లో ఏదైనా కారణమేమో కూడా చూడండి, లేకపోతే కొత్తదానికీ అదే గతి. కొత్త కేబుల్‌ని పాతదాని పక్కన పరిచి పొడవూ, చివరి కన్నాలూ, బిగించే చోట్లూ పోల్చండి. డబ్బా మీద రాసింది చదివి సరిపెట్టుకోకండి. మేము ఆటోనగర్‌లో తీసుకున్న కేబుల్ 1,150 రూపాయలు, కొత్త క్లిప్పులూ గ్రీజూ కలిపి ఇంకో 140.

బిగించాక ముందు గేర్ బాక్సు లివరు న్యూట్రల్‌లో, లోపల రాడ్డు నిటారుగా మధ్యలో ఉన్నాయో లేదో చూసి, కేబుల్ పొడవు సర్దే ఏర్పాటు ఉంటే అప్పుడు సర్దాలి. తర్వాత ఇంజను ఆపి అన్ని గేర్లూ, ఆపైన ఇంజను నడిపిస్తూ బ్రేకు తొక్కి అన్ని గేర్లూ, చివరగా ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా. ఆదివారం పొద్దున మొదలుపెట్టిన పని మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసింది. చెయ్యి తిరిగిన మెకానిక్ ఇందులో సగం సమయంలో చేస్తాడు.

షిఫ్ట్ కేబుల్ కూడా అదే వయసుదే కదా, పన్లో పని రెండూ మార్చెయ్యొచ్చు కదా అని కుర్రాడు అడిగాడు. డబ్బున్నవాళ్ళు మార్చుకోవచ్చు. నేను మాత్రం ఒకటి మార్చి చూసి, తర్వాత రెండోది ఆలోచిద్దామన్నాను. ఒకేసారి మూడు మార్పులు చేస్తే బండి బాగవుతుందేమో గానీ ఏది బాగు చేసిందో తెలియదు. ఆయుర్వేదం, హోమియో, ఇంగ్లీషు మందు మూడూ ఒకేసారి మింగి, తగ్గాక తనకి నచ్చినదానికి దండం పెట్టే రోగిని మనం చూస్తూనే ఉన్నాం.

మూడు అభ్యంతరాలు

మొదటిది ఆ కుర్రాడి తల్లి నుంచే వచ్చింది. "గుమ్మడికాయ కొట్టిన వారం తిరక్కుండా బండి బాగైంది చూశారా" అందామె. ఆమె మీద నాకు కోపం లేదు. కొడుకు బతుకుతెరువు ఆగిపోతుందని భయపడిన తల్లి తనకి తెలిసిన పని తను చేసింది. నేను ఒక్కటే అడిగాను: "మంగళవారం కొట్టారు. బుధవారం ఫస్టు గేరు పడిందా అమ్మా? శనివారం పడిందా? కేబుల్ మార్చిన పది నిమిషాలకి పడింది." ఆమె కాసేపు ఆలోచించి "మిమ్మల్ని పంపింది ఆ గుమ్మడికాయేనేమో" అంది. ఇలాంటి జవాబుకి ఎదురు లేదు, ఎందుకంటే ఏం జరిగినా ఆ నమ్మకం నెగ్గేలా మాట తయారైంది. ఏం జరిగినా నెగ్గే మాట ఏమీ చెప్పనట్టే లెక్క అని మనం ఓపిగ్గా చెప్తూ ఉండాలి.

2019 అక్టోబర్ 8న ఫ్రాన్స్‌లో మొదటి రఫేల్ విమానాన్ని అందుకుంటూ మన రక్షణ మంత్రి దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. అప్పుడు దేశమంతా చర్చ జరిగింది. నాకు తోచిన ప్రశ్న చిన్నది. ఆ విమానానికి నిమ్మకాయలూ ఉన్నాయి, ఇంజనీర్ల తనిఖీ పట్టికా ఉంది. ఈ రెండిట్లో ఏదో ఒకటి మానెయ్యమంటే ఏ పైలట్ అయినా ఏది మానేస్తాడు? నిమ్మకాయని సమర్థించేవాళ్ళకి కూడా దీనికి జవాబు తెలుసు.

ఇక్కడ మన వాళ్ళకీ ఒక మాట చెప్పాలి. నిమ్మకాయ కట్టి, దాంతోపాటు నెలకోసారి బ్రేకులూ టైర్లూ చూసుకునే డ్రైవరు పక్కన కూర్చోమంటే నేను నిశ్చింతగా కూర్చుంటాను. నిమ్మకాయని వెక్కిరిస్తూ అరిగిన టైర్లతో తిరిగే హేతువాది పక్కన కూర్చోను. రోడ్డుకి మన సిద్ధాంతాలతో పనిలేదు.

రెండో అభ్యంతరం మన మిత్రుల నుంచే: "మెకానిక్కులంతా దొంగలండీ." ఇదీ పరీక్ష లేని నిర్ధారణే. ఆ గ్యారేజీ మనిషి మోసం చేశాడని నా దగ్గర ఆధారం లేదు. రోజుకి పది బండ్లు చూసేవాడు అలవాటుగా ఒక మాట అని ఉండొచ్చు. అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. డాక్టరు దగ్గర కన్సల్టేషన్ ఫీజు ఇస్తాం, మందులు వేరు. మెకానిక్ దగ్గర మాత్రం "ఏమైందో ఊరికే చూసి చెప్పు" అంటాం. వెతికి కారణం కనుక్కున్నందుకు అతనికి పైసా రాదు. సామాను మారిస్తేనే వస్తుంది. అలాంటప్పుడు పెద్ద సామాను మార్చే నిర్ధారణ వైపు మనసు మొగ్గడానికి ఎవరూ దొంగ కానక్కర్లేదు. కాబట్టి నా సూచన: పరీక్షకి విడిగా డబ్బివ్వండి. మూడు వందలో ఐదు వందలో ఇచ్చి "విప్పి, నాకు చూపించి చెప్పన్నా" అనండి. నిజాయితీగల పనివాడికి అది గౌరవం కూడా.

మూడోది కాస్త బరువైన అభ్యంతరం: నిపుణులని కాదని ప్రతివాడూ తనే అన్నీ విప్పుకుంటే వ్యాక్సిన్లని అనుమానించే వాళ్ళకీ మనకీ తేడా ఏమిటి? తేడా ఉంది. నిపుణుణ్ణి నమ్మడానికి కారణం అతని చొక్కా మీద నూనె మరకలు కావు, అతను పరీక్ష చేసి ఉండటం. వ్యాక్సిన్ వెనక వేలమంది మీద జరిగిన, ఎవరైనా చదివి తప్పు పట్టగల పరీక్షలు ఉన్నాయి. వంద గజాల ప్రయాణం వెనక అలాంటిదేమీ లేదు. పరీక్ష చేసి గేర్ బాక్సు పోయిందని అతను చూపించి ఉంటే, ఆ అప్పు కోసం కుర్రాడితో నేనే కలిసి తిరిగేవాణ్ణి. ఇంటిపనికీ హద్దులు ఉన్నాయి. ఎయిర్ బ్యాగుల జోలికి పోవద్దు. ఆటోమేటిక్ బండి గేరు కేబుల్ సర్దుబాటు తెలిసినవాళ్ళకి వదిలెయ్యండి, కారణం పైన ఫోర్డ్ సంగతిలో చెప్పాను. కేబుల్ మార్చాక కూడా ఒకే ఒక్క గేరు గరగరలాడితే అది లోపలి వ్యవహారం, గ్యారేజీకే వెళ్ళాలి. హద్దు తెలిసి ఆగడం కూడా హేతువాదమే.

విప్పి చూసే హక్కు

1976లో 42వ సవరణతో మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేరాయి. అందులో 51-ఎ (హెచ్) శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతావాదాన్నీ, ప్రశ్నించి తెలుసుకునే స్ఫూర్తినీ పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. మనం మన సభల్లో తరచూ చదివే వాక్యమే. అయితే ప్రశ్నించి తెలుసుకోవడానికి మనసు ఒక్కటే చాలదు, మూత తెరిచే వీలు కూడా ఉండాలి. విడిభాగం బజారులో దొరకాలి, మాన్యువల్ చదవడానికి అందాలి.

దీని మీద మన దేశంలో పెద్ద పోరాటమే జరిగింది. విడిభాగాలనీ, మరమ్మతు సమాచారాన్నీ, పరికరాలనీ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, కథ కోర్టుల్లో సాగింది. అయినా కమిషన్ ఎత్తిచూపిన సూత్రం ముఖ్యం: కొన్న వస్తువుని ఎక్కడ బాగు చేయించుకోవాలో ఎంచుకునే వీలు కొన్నవాడికి ఉండాలి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో దీని కోసం ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది. ఇంకోపక్క 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. పొగ కక్కే పాత బండ్లని రోడ్డు మీద నుంచి తియ్యాలనడంలో న్యాయం ఉంది, కాదనను. కానీ పరీక్షలో నెగ్గే బండిని పన్నెండు వందల కేబుల్ కోసం తుక్కుకి పంపాల్సి వస్తే దాన్ని ఏ దృక్పథం అంటారు?

మన శాఖల్లో నెలకో సమావేశం పెట్టుకుంటున్నాం. వాటిలో ఒకటి ఎవరో ఒకరి ఇంటి ముందు, బోనెట్ ఎత్తిన బండి చుట్టూ పెట్టుకుంటే బాగుంటుందని నా ప్రతిపాదన. కారే కానక్కర్లేదు. మిక్సీ అయినా, నీళ్ళ మోటారు అయినా, కుట్టు మిషను అయినా సరే. పిల్లల్ని పిలవండి, ముఖ్యంగా ఆడపిల్లల్ని పిలిచి పానా వాళ్ళ చేతికివ్వండి. ఒక కాగితం మీద అనుమానాలు రాయించండి. ఒక్కోదాని పక్కన పరీక్ష రాయించండి. ఏ ఫలితం వస్తే ఆ అనుమానం కొట్టెయ్యాలో ముందే రాయించండి. ఆ తర్వాతే విప్పనివ్వండి. దిష్టి అని ఎవరైనా అంటే నవ్వకండి, దాన్నీ రాయించండి. పక్క గడిలో ఏం రాయాలో వాళ్ళనే ఆలోచించుకోనివ్వండి.